పద్నాలుగో నంబరు సూది

ఆ వానాకాలం మా ఇంట్లో అయస్కాంతం తగలని వస్తువంటూ లేదు. బియ్యం, దిండ్లు, చెప్పులు, బావ గడ్డం బ్రష్షు, నేను తెచ్చిన పాల ప్యాకెట్టు, అన్నిటి మీదా అక్క దాన్ని జరిపేది. గుమ్మం లోపల కుర్చీ వేసుకుని కూర్చునేది. ఎవరొచ్చినా అక్కడ ఆగి, చేతులు చాపి నిలబడాలి. నల్ల రబ్బరు పిడి ఉన్న అరచేతంత అయస్కాంతాన్ని మన భుజాల మీంచి మడమల దాకా దించి, వెలుతురుకి తిప్పి చూసుకుని, మళ్ళీ మొదలుపెట్టేది. మూడుసార్లతో వదిలితే ఆ రోజు అక్క కులాసాగా ఉన్నట్టు. పదిసార్లు దాటిన రోజులూ ఉన్నాయి.

"విమానం ఎక్కే యోగం లేకపోయినా ఈ తనిఖీ మాత్రం రోజుకి రెండుసార్లు తప్పట్లేదు బామ్మర్దీ" అనేవాడు బావ, చేతులు చాపుకునే. ఆయనకి వీధి చివర కటింగ్ షాపు. పగలంతా ఊళ్ళోవాళ్ళ తలలు వంచి, ఇంటికొచ్చి తను తల వంచుకుని నిలబడేవాడు. వాళ్ళింట్లో వెనక గది నాది కాబట్టి ఆయన తర్వాత వంతు నాది.

అక్క వెతికేది ఒక సూది మొన. అర బియ్యపు గింజంత ఉంటుంది. అది మా ఇంట్లో లేదని నాకు తెలుసు. ఎక్కడుందో నాకూ తెలియదు. కానీ అది ఎక్కడో ఒకచోట నిజంగానే ఉందని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి కడుపులో పెట్టుకుని వానాకాలమంతా తిరిగాను.

మా ఇద్దరిదీ ఒకే చోట పని, పసిపిల్లల బట్టలు కుట్టే కార్ఖానాలో. నేను కుట్టుమిషన్ల మెకానిక్‌ని. అక్కది సూదుల గది. గది అంటే గొప్పగా ఏమీ ఉండదు, హాలు మూలన ఒక చెక్క గూడు, దానికో కిటికీ. పసివాళ్ళు తొడుక్కునేవి కాబట్టి అక్కడ మనిషికి లేని మర్యాద సూదికి ఉంటుంది. మిషను మీద సూది విరిగితే టైలరు ముక్కలన్నీ ఏరి అక్క కిటికీ దగ్గరికి తేవాలి. అక్క వాటిని సూదుల పుస్తకంలో తెల్ల కాగితం మీద వరసగా పేర్చి, బెజ్జం నుంచి మొన దాకా అంతా వచ్చిందని భూతద్దంలో చూసి, టేపు అంటించి, తేదీ వేసి, సంతకం పెడుతుంది. అప్పుడే కొత్త సూది ఇస్తుంది. ఒక్క ముక్క తక్కువైనా ఆ లైను ఆగుతుంది, ఆ సరుకు గేటు దాటదు.

అక్కకి అనుమానం కొత్తగా పుట్టింది కాదు. చిన్నప్పుడు తలుపు గడియ నాలుగుసార్లు చూసొచ్చి పడుకునేది. పెళ్ళయ్యాక గ్యాసు మీటలు. పదకొండేళ్ళ కిందట ఆ గూట్లో కూర్చోబెట్టి, ఆ అనుమానానికే జీతం ఇవ్వడం మొదలుపెట్టారు. అక్కడి వరకూ అది మాకు నవ్వుకునే విషయం.

ఎండలు వెళ్ళిపోతున్న రోజుల్లో, వచ్చే చలికాలానికని పసిపిల్లల దూది కోట్లు కుట్టాం. పన్నెండు వందలు. చివరి రోజు లారీ గేటు దగ్గర ఆగి ఉంది. నాలుగో లైనులో ఒక టైలరు చేతి కింద సూది విరిగింది. పద్నాలుగో నంబరు సూది. రెండు ముక్కలు దొరికాయి, మొన దొరకలేదు. సూదుల్ని పట్టే యంత్రం ఉంది కానీ, ఆ కోట్లకి అప్పటికే జిప్పులు పడిపోయాయి. జిప్పున్న ప్రతి కోటుకీ అది కూత పెడుతుంది. నలభై మంది ఆడవాళ్ళు అయస్కాంతాలు పట్టుకుని రెండు గంటలు నేల మీద పాకారు.

"దొరికేదాకా ఎవ్వరూ కదలొద్దు. పన్నెండు వందలూ విప్పించి చూస్తాను" అన్నాడు మేనేజరు.

ఇంటి దగ్గర చంటిపిల్లలున్న వాళ్ళు గోడ గడియారం వంక చూశారు. నాకు వాళ్ళ మీద జాలేసింది. ఆకలి కూడా వేసింది, అది దాచడమెందుకు. వెనక్కి వెళ్ళి, నా పనిముట్ల పెట్టెలోంచి అదే నంబరు కొత్త సూది తీసి, పటకారుతో మొన విరిచాను. హాల్లోకి వచ్చి, ఆ మిషను కాలి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, కాసేపు తడిమి, "దొరికింది" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నా జన్మలో నాకు చప్పట్లు పడింది ఆ ఒక్కసారే.

అక్క మాత్రం భూతద్దం మీంచి కన్ను తీయలేదు.

"అంచులు కలవట్లేదురా."

"విరిగేటప్పుడు వంగుంటుంది అక్కా."

"ఇది మెరుస్తోంది. అవి నల్లగా ఉన్నాయి."

"అనుమానప్పక్షివి నువ్వు. లారీ వాడు హారన్ కొడుతున్నాడు, పెట్టు సంతకం."

అక్క తలెత్తి నా మొహంలోకి చూసింది. "సరే, నువ్వు చెప్తున్నావుగా" అని టేపు అంటించి సంతకం పెట్టింది.

మర్నాటి నుంచి ఆ పేజీ తీసి చూడటం మొదలైంది. రోజుకి ఒకసారి, తర్వాత గంటకోసారి. తొలి వానలు పడేసరికి గూట్లోంచి లేచి రాలేక, లేచినా ఇంటికి చేరలేక సెలవు పెట్టింది. వస్తూ వస్తూ అయస్కాంతం కూడా తెచ్చుకుంది. తిండి తగ్గిపోయింది. గుమ్మం దగ్గర లేనప్పుడు గోడ వైపు తిరిగి పడుకునేది. ఒకరోజు నేను కాఫీ తీసుకెళ్తే గోడతోనే అన్నట్టు అంది:

"ఎక్కడో ఒక బిడ్డ ఏడుస్తోందిరా. పళ్ళొస్తున్నాయి కాబోలు అనుకుంటోంది వాళ్ళమ్మ."

చలి ఇంకా రాలేదనీ, ఆ కోట్లు ఇంకా గోదాముల్లోనే ఉంటాయనీ చెప్పాను. నేను చెప్పిన వాటిల్లో నిజమైన మాట అదొక్కటే, దాన్నే అక్క నమ్మలేదు.

మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. రెండు రకాల మందులు ఇచ్చింది. కొంచెం నిద్ర పట్టింది, అంతే. అప్పుడు డాక్టరమ్మ అయస్కాంతంతో చేసే వైద్యం గురించి చెప్పింది. బావ మొహం చూడాలి. ఇంట్లో ఉన్న అయస్కాంతం చాలదా అన్నట్టు నా వైపు తిరిగాడు.

డాక్టరమ్మ పొట్టి మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. ముందుగా ఒక కాగితం తీసి ప్రశ్నలడిగింది. "తలలో గానీ కంట్లో గానీ లోహపు ముక్క ఏదైనా ఉందా అమ్మా? పనిలో ఎప్పుడైనా తగిలిందా?"

అక్క చాలాసేపు ఆలోచించింది. "ఉండొచ్చు" అంది.

తలకి ఎక్స్‌రే తీయించారు. ఏమీ లేదు. ఫిల్ము వెలుతురులో పెట్టి చూపిస్తే అక్క దాని దగ్గరికి జరిగి, "ఇందులో పడనంత చిన్నదైతే?" అని అడిగింది. డాక్టరమ్మ నవ్వలేదు. ఆ ఒక్క కారణానికే ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది, భయం కూడా.

"ఇది దేన్నీ లాగే అయస్కాంతం కాదమ్మా" అని చెప్పింది. "కరెంటుతో క్షణంలో పుట్టి క్షణంలో పోతుంది. దానివల్ల మెదడులో ఒకచోట చిన్న కదలిక వస్తుంది. ప్రమాదం ఉందని గంట కొట్టే చోటు ఒకటుంటుంది మనందరికీ. మీకు ఆ గంట మోగడం ఆగట్లేదు. వారానికి అయిదు రోజులు, ఆరు వారాలు చేద్దాం. అందరికీ పనిచేస్తుందని చెప్పను. చాలామందికి చేస్తుంది."

ఇంకో మాట కూడా చెప్పింది. యంత్రం పెట్టే ముందు ప్రతిరోజూ ఆ భయాన్ని లేపాలట. నిద్రపోతున్న భయం మీద అది పనిచేయదట. దేన్ని చూస్తే గుండె దడదడలాడుతుందో దాన్ని చూపించాలి, ఏ మాట వింటే వణుకొస్తుందో ఆ మాట అడగాలి. అందుకు నేను సూదుల పుస్తకంలో ఆ పేజీని ఫోనులో ఫొటో తీసి, పెద్దదిగా అచ్చు వేయించి తేవాలి.

బావా అక్కా బయటికి వెళ్ళాక డాక్టరమ్మ నన్ను ఆపింది.

"మీరూ అక్కడే పనిచేస్తారు కదా. ఒక్క విషయం ఖాయం చేసుకోవాలి. ఆ ముక్క ఆ సూదిదేనా? మీరు చూశారా?"

తలుపు సందులోంచి అక్క కనిపిస్తోంది. బెంచీ మీద కూర్చుని, బావ చొక్కా చేతి మడత విప్పి చూస్తోంది.

"చూశాను మేడమ్. దానిదే" అన్నాను.

ఆవిడ రాసుకుంది. నేను అబద్ధం ఆడింది రెండుసార్లే. కానీ ఆ రెండోది ఇప్పటికీ చెవిలో వినిపిస్తుంది, నా గొంతుతోనే, ఎంత మర్యాదగా అన్నానో.

ఫొటో అచ్చయి వచ్చింది. సూది చెయ్యంత అయింది. అంత పెద్దదయ్యాక చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. నల్లటి ముక్క అంచు ఏటవాలుగా ఉంది, మొన అంచు కోసినట్టు నిట్టనిలువుగా ఉంది. మధ్యలో వెంట్రుకంత ఖాళీ. దాన్ని బావకి చూపించాను. ఆయన కనిపెట్టాలని చూపించానో, కనిపెట్టకూడదని చూపించానో నాకే తెలియదు. బావ కళ్ళజోడు సవరించుకుని అటూ ఇటూ తిప్పాడు.

"నాకేం తేడా కనపడట్లేదు. అది మీ అక్క కళ్ళకే కనపడుతుంది పాపం" అన్నాడు.

వైద్యం చేసే గదిలో ఒక పెద్ద కుర్చీ, తల మీదికి దిగే హెల్మెట్ లాంటి యంత్రం, ఒక టేబులు, అంతే. బావ ఆ కుర్చీని చూసి కొంచెం ధైర్యపడ్డాడు. "మన షాపు కుర్చీయే. కాస్త ఖరీదు ఎక్కువ" అని అక్క చెవి దగ్గర జుట్టు తనే సర్ది బయటికి వెళ్ళాడు. టెక్నీషియన్ అమ్మాయి అక్క చెవుల్లో రబ్బరు బిళ్ళలు పెట్టింది, నాకూ ఇచ్చింది. మొదటిరోజు కొలత తీసుకోవాలి. యంత్రం ఒక్కో దెబ్బ కొడుతుంటే ఆ అమ్మాయి అక్క పాదం వైపే చూస్తూ కూర్చుంది. ఏడో దెబ్బకో ఎనిమిదో దెబ్బకో అక్క కుడికాలి వేళ్ళు ఎగిరిపడ్డాయి.

"కదిలింది. చాలు" అంది ఆ అమ్మాయి.

"నేను కదపలేదు" అంది అక్క. మళ్ళీ నా వైపు తిరిగి, "ఒరేయ్, నేను కదపలేదురా" అంది. తన కాలిని పరాయివాళ్ళ కాలిని చూసినట్టు చూస్తోంది.

తర్వాత అసలు పని. వణుకు తెప్పించే ఆ ప్రశ్నని మొదట ఆ అమ్మాయే అడిగింది. అక్కకి చీమ కుట్టినట్టయినా లేదు. "తమ్ముడు అడగాలి" అంది అక్క. నేను అచ్చుకాగితం అక్క కళ్ళ ముందు పట్టుకుని డాక్టరమ్మ రాసిచ్చిన వాక్యం చదివాను.

"అక్కా, ఈ ముక్క ఈ సూదిది కాకపోతే?"

అక్క పెదవులు తెల్లబడ్డాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"పదిలో ఎంతండీ భయం?" అడిగింది టెక్నీషియన్.

"తొమ్మిది."

యంత్రం మొదలైంది. వంగిన సూది ఇనుప రేకుకి కొట్టుకుంటే కుట్టుమిషను అలాగే టకటకమంటుంది. రెండు క్షణాలు కొట్టి, ఇరవై క్షణాలు ఊరుకుని, మళ్ళీ. నా వృత్తిలో ఆ చప్పుడు వినపడితే పరుగెత్తుకెళ్ళి మిషను ఆపాలి. నా చేతులు ఆపడానికి లేస్తున్నాయి. అక్క కళ్ళు మూసుకుని ఉంది. చప్పుడు ఆగిన ప్రతిసారీ గదిలో ఇంకా ఎవరో ఉన్నట్టు, మా ముగ్గురి మాటా వింటున్నట్టు అనిపించింది.

అలా రోజూ మధ్యాహ్నం. వాన పడుతుండేది, బస్సు దిగి గొడుగు దులుపుకుని మెట్లెక్కేవాళ్ళం, నేను సంచీలోంచి ఆ కాగితం తీసేవాణ్ణి. రోజూ అదే ప్రశ్న. రోజూ నాకు జవాబు తెలుసు. మొదటి వారం తొమ్మిది, రెండో వారం తొమ్మిది, ఒకరోజు పది. మూడో వారంలో ఎనిమిది అంది. బావ ఆ ఎనిమిదిని షాపులో గడ్డం గీయించుకునే ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

ఆ మూడో వారంలోనే నాకు పనిలో చప్పుళ్ళు వినపడటం మొదలైంది. నడవని మిషను దగ్గర టకటకమని రెండు క్షణాలు. వెళ్ళి చూస్తే స్విచ్ కట్టేసి ఉండేది. లోపల ఇరవై అంకెలు లెక్కపెట్టుకుంటే సరిగ్గా మళ్ళీ. వీధిలో ఏ బిడ్డ ఏడ్చినా ఆగి, ఆ తల్లి ఎక్కడ తడుముతోందో చూసేవాణ్ణి. భోజనం చేస్తుంటే టేబులు కింద నా కాలు అదిరేది.

"ఏంట్రా ఆ కాలు? నాడా కొట్టించుకునే గుర్రంలాగా" అన్నాడు బావ.

"అలవాటు బావా" అన్నాను. అంతకుముందు నాకు ఆ అలవాటు లేదు.

నాలుగో వారంలో అక్క రెండు పూటలా తినడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం బావ షాపు మూసి, కత్తెర ఇంటికి తెచ్చుకుని, నెలల తరబడి చిక్కుపడిపోయిన అక్క జుట్టు దువ్వి, చివర్లు సరిచేశాడు. అక్క కూర్చుని చేయించుకుంది. రాలిన జుట్టులో ఏముందో చూడలేదు. బావ చీపురు తేవడానికని వంటింట్లోకి వెళ్ళి ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే చీపురు పట్టుకునే ఏడుస్తున్నాడు. "మనిషి దొరికిందిరా నాకు" అన్నాడు. నాకు సంతోషం వేసింది, నిజంగా. ఇప్పుడు నోరు విప్పితే ఈ మనిషి మళ్ళీ పోతుందని కూడా అనుకున్నాను. నా నోటికి అంతకంటే మంచి తాళం నేను కోరుకున్నా దొరికేది కాదు.

మర్నాడు పనినుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, చేతులు చాపి నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఏదీ నా భుజాన్ని తాకలేదు. కళ్ళు తెరిచి చూస్తే కుర్చీ ఖాళీ. అయస్కాంతం గోడ మేకుకి వేలాడుతోంది.

వంటింట్లోంచి అక్క తొంగి చూసింది. "ఎవరికోసంరా అలా నిలబడ్డావు? లోపలికి రా, చల్లారిపోతుంది" అంది.

లోపలికి వెళ్ళలేకపోయాను. మేకు మీంచి అయస్కాంతం తీసి, నా చొక్కా మీద నేనే జరుపుకుని, వెలుతురుకి తిప్పి చూసుకుని, అప్పుడు వెళ్ళాను. అక్క అది చూసింది.

ఇరవయ్యో రోజు దగ్గర్లో అనుకుంటాను. ఆ రోజు వాన లేదు. మబ్బు పట్టి గదిలో లైట్లు వేశారు. అక్క కుర్చీలో తనే సర్దుకుని కూర్చుంది, హెల్మెట్ దిగింది, నేను కాగితం పట్టుకున్నాను.

"అక్కా, ఈ ముక్క ఈ సూదిది కాకపోతే?"

అక్క కాగితం వంక చూసింది. కూరగాయలు ఏరేటప్పుడు చూసినట్టు, తీరిగ్గా. తర్వాత నా వంక చూసింది.

"కాదురా. ఈ ముక్క ఈ సూదిది కాదు" అంది.

"పదిలో ఎంతండీ?" అడిగింది టెక్నీషియన్.

"రెండు."

ఆ అమ్మాయి మొహం విప్పారింది. రెండు అని రాసుకుంది. "ఇప్పటిదాకా ఇదే తక్కువ" అని నాకు చెప్పి మీట నొక్కింది. యంత్రం టకటకలాడుతున్నంతసేపూ అక్క కళ్ళు మూసుకోలేదు. నన్నే చూస్తూ కూర్చుంది. కోపం లేదు ఆ చూపులో, అనుమానం కూడా లేదు. అనుమానం లేని అక్క మొహాన్ని నేను పుట్టాక చూడటం అదే మొదటిసారి. ఎవరో కొత్తమనిషి అక్క చీర కట్టుకుని కూర్చున్నట్టుంది.

ఆ రోజు బస్సులో అక్క ఏమీ అడగలేదు. మర్నాడూ అడగలేదు. నేను రోజూ అదే ప్రశ్న అడుగుతూనే ఉన్నాను, అక్క రోజూ అదే జవాబు చెబుతూనే ఉంది. "కాదురా." "రెండు." "కాదురా." "ఒకటి." టెక్నీషియన్ రాసుకుంటూనే ఉంది. ఒక్కసారి ఆ అమ్మాయి తలెత్తి, భయం లేకుండా ఆ మాట అనగలగడమే గొప్ప అంది.

ముప్పయ్యో రోజు, ఆఖరిది అయిపోయాక, డాక్టరమ్మ వచ్చి అక్క చెయ్యి పట్టుకుని మాట్లాడింది. మందులు మానొద్దంది, నెలకోసారి కనపడమంది. బావ ఆవిడకి కటింగ్ చేస్తానన్నంత పని చేశాడు. మిఠాయి డబ్బా కొనాలని ఆయన దుకాణం వైపు వెళ్ళాడు, అక్కా నేనూ బస్‌స్టాపులో కూర్చున్నాం. రేకు మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"నువ్వే చెప్తావని పదిరోజులు చూశాను" అంది అక్క.

నేను గొడుగు మడతలు సరిచేస్తూ కూర్చున్నాను.

"ఎక్కడిదిరా ఆ మొన?"

"నా పెట్టెలో సూదిది. కొత్తది."

"అదీ సంగతి. అందుకే మెరిసింది." అక్క తల ఊపింది. చాలాకాలంగా పోయిన గిన్నె పక్కింట్లో ఉందని తెలిసినట్టు, అంతే. "పేజీ తిప్పినప్పుడల్లా నా కళ్ళు చెప్పేవి. నువ్వు కాదన్నావు కాబట్టి నా కళ్ళదే తప్పనుకున్నాను. కళ్ళదే తప్పయితే ఇంక దేన్ని నమ్మాలి? బియ్యాన్ని నమ్మాలా, దిండుని నమ్మాలా?"

"అక్కా, నీకు ఇప్పుడే కాస్త నయమైంది. మళ్ళీ దీన్ని..."

"నాకేం భయంగా లేదు" అంది. నన్ను ఊరడించడానికి అన్న మాట కాదది. "వింతగా ఉందిరా. ఆ బిడ్డ ఏడుస్తున్నట్టు వినపడటం ఆగిపోయింది. బిడ్డ ఉందని మాత్రం తెలుసు. ఎల్లుండి పనిలో చేరతాను. చేరగానే ఆ పేజీ సరిచేస్తాను. నువ్వు పక్కన నిలబడితే బాగుంటుంది. నిలబడకపోయినా సరిచేస్తాను."

నిలబడ్డాను. ఆ మాత్రం చేశాను. అక్క సూదుల పుస్తకం తెరిచి, ఆ మెరిసే మొనని టేపుతో సహా ఊడదీసి, ఖాళీ చోట 'మొన దొరకలేదు' అని రాసి సంతకం పెట్టి, పెన్ను నాకు ఇచ్చింది. మేనేజరు మొదట అక్కకి జబ్బు తిరగబెట్టిందన్నాడు. నేను నా పనిముట్ల పెట్టెలోంచి మొన లేని సూది తెచ్చి ఆ మొన పక్కన పెట్టాను. అంచుకి అంచు అతికినట్టు కలిసింది. ఆయన కూర్చుండిపోయాడు, తర్వాత తలుపు వేసి నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టాడు, తర్వాత కోట్లు కొన్నవాళ్ళకి ఉత్తరం రాశాడు.

కోట్లు పెట్టెల్లో తిరిగొచ్చాయి. వానలు వెనకబట్టి, పొద్దున పూట నోట్లోంచి ఆవిరి రావడం మొదలైంది అప్పటికి. నన్ను వెంటనే తీసేయలేదు. గోదాములో ఒక టేబులు వేసి, ఆ కోట్లన్నీ విప్పి వెతికే పని నాకే ఇచ్చారు, అది అయ్యాక దారి చూసుకోమన్నారు. అందులో అన్యాయమేమీ లేదు. కుట్టు విప్పి, దూది పొర పరిచి, అయస్కాంతం జరిపి, వెలుతురుకి తిప్పి చూసి, పక్కన పెట్టాలి. ఒక్కసారి జరిపితే చాలని మేనేజరు చెప్పాడు. నేను మూడుసార్లు జరిపేవాణ్ణి. తర్వాత తర్వాత మూడు చాలేవి కావు.

సూదుల గదిలో పని అయ్యాక అక్క వచ్చి నా ఎదురుగా కూర్చునేది. ఒక్కో కోటు ఒక్కసారే చూసి పక్కన పెట్టేది. అక్క కుప్ప పెరిగేది, నాది పెరిగేది కాదు.

ఆఖరి పెట్టె విప్పిన రోజు మేనేజరు వచ్చి లెక్క రాసిన చీటీ ఇచ్చి వెళ్ళాడు. వెనక్కి వచ్చినవి పదకొండు వందల ముప్పై ఏడు. మిగతా అరవై మూడు అప్పటికే అమ్ముడుపోయాయి. ఎవరు కొన్నారో ఎవరి దగ్గరా రాసి లేదు, దుకాణాల్లో నోటీసు అంటించారు. ఆఖరి కోటు నా చేతిలో ఉంది. చిన్నది, ఆరునెలల బిడ్డకి సరిపోయేది. నీలం రంగు. దూదిలో ఏమీ దొరకలేదు. మళ్ళీ జరిపాను. మళ్ళీ.

"అయిపోయిందిరా" అంది అక్క.

"ఇంకొక్కసారి."

అక్క చేతిలో పని ఆపి నన్ను చూస్తూ కూర్చుంది. గోదాములో మిషన్లు లేవు. అయినా నాకు చప్పుడు వినపడుతోంది, రెండు క్షణాలు కొట్టి, ఇరవై క్షణాలు ఊరుకుని. ఆ ఊరుకున్నప్పుడే ఎక్కడో బాగా దూరంలో సన్నగా ఏడుపు.

"పదిలో ఎంతరా?" అడిగింది అక్క.

"తొమ్మిది" అన్నాను.

టేబులు కింద నా కాలు అదురుతోంది. నేను కదపడం లేదు. అక్క వంగి, నా మోకాలి మీద అరచెయ్యి ఆనించి, గట్టిగా నొక్కి పట్టుకుంది. "సోమవారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. ఈసారి ప్రశ్న నేనడుగుతాను" అంది. రెండో చేత్తో నా చేతిలోంచి ఆ నీలం కోటు తీసుకుని, మడతపెట్టి, కుప్ప మీద పెట్టింది.